పంచాయతీ కంప్యూటరు రికార్డుల భద్రత

గ్రామ పంచాయతీ రికార్డులు ఒకప్పుడు చెక్క బీరువాలో నుండెడివి. నేడు వానిలో అధిక భాగము కంప్యూటరులోనికి చేరినది. 2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైన పిదప ఈ మార్పు మరింత వేగముగ సాగినది. ఇంటి పన్ను డిమాండు, జనన మరణముల నమోదు, పింఛనుదారుల జాబితాలు, పనుల అంచనాలు, గ్రామసభ తీర్మానముల నకళ్లు మున్నగునవి యిప్పుడు యంత్రమునందే యున్నవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ నిధుల చెల్లింపులు సైతము కంప్యూటరు మీదనే జరుగుచున్నవి. బీరువాకు తాళము వేయించుట, తాళపుచెవి యెవరి వద్ద నుండవలెనో నిర్ణయించుట సభ్యులకు క్రొత్త పని కాదు. కంప్యూటరు విషయమున చిక్కేమనగా, అది తెరచియున్నదో మూసియున్నదో కంటికి కనబడదు.

దీనిని వివరించుటకు దూరదేశపు కథ లక్కరలేదు. 2017 మే నెలలో మన శ్రీకాకుళము జిల్లా పోలీసు శాఖ కంప్యూటర్లకు సంభవించిన ఉపద్రవమునే యిచట తీసికొనుచున్నాము.

ఆ రెండు దినములు

2017 మే 12, శుక్రవారము. ప్రపంచమున అనేక దేశములలో ఒకే దినమున కంప్యూటర్ల తెరలపై ఎఱ్ఱని పత్ర మొకటి ప్రత్యక్షమైనది. ‘మీ ఫైళ్లన్నియు తాళము వేయబడినవి, తెరువవలెనన్న 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున చెల్లింపుడు, మూడు దినములు దాటిన రెట్టింపు, ఏడు దినములు దాటిన ఇక మీ ఫైళ్లు మీకు దక్కవు’ అని దాని సారాంశము. ఈ ప్రోగ్రామునకు వన్నాక్రై యని పేరు వచ్చినది. కొలది దినములలో 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత బడినవి. ఇంగ్లండు ప్రభుత్వ వైద్య శాఖలోని ఆసుపత్రి సంస్థలలో మూడింట ఒక వంతుకు ఆటంకము కలిగి, వేలకొలది రోగుల చికిత్సలు వాయిదా పడినవి.

మరునాడు, మే 13న, మన రాష్ట్రమున 18 పోలీసు యూనిట్లలోని కంప్యూటర్లు తాకిడికి గురియైనట్లు వెల్లడియైనది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోనివి ఆ యూనిట్లు. ఆనాటి డి.జి.పి. శ్రీ ఎన్. సాంబశివరావు గారు ఆందోళన చెందవలసిన పని లేదనియు, విండోస్ వాడు యంత్రములే దెబ్బ తిన్నవనియు తెలిపిరి. మే 15న కేరళమునుండి మరియొక వార్త వచ్చినది. వయనాడ్ జిల్లా తరియోడు గ్రామ పంచాయతీ కార్యాలయమునను, పత్తనంతిట్ట జిల్లా అరువాపులం పంచాయతీ కార్యాలయమునను సోమవారము ఉదయము కంప్యూటర్లు తెరచి చూచునప్పటికి అదే ఎఱ్ఱని పత్రము కనబడినది.

పంచాయతీ సభ్యులు ఈ కడపటి వార్తను ప్రత్యేకముగ గమనింపవలెను. కొండప్రాంతపు పంచాయతీపై ఎవరికిని పగ యుండదు. అచట లక్షలు దొరకునని ఎవరును ఆశపడరు. దొంగ ఆ యిల్లు ఎంచుకొని రాలేదు. వీధి వెంట వరుసగ ప్రతి తలుపును త్రోసి చూచుచు పోయెను. గడియ లేని తలుపు తెరచుకొన్నది. మన పంచాయతీ చిన్నది గదా, మన కాగితములతో ఎవరికేమి పని యని ధీమా పడుటకు దీని తరువాత ఆస్కారము లేదు.

గడియ ఎక్కడ ఊడినది?

కంప్యూటరును నడిపించు ప్రధాన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన కార్యాలయములందు తరచుగ కనబడు విండోస్ అట్టిదే. పూర్వము గ్రామమున ఏ కాగితమైనను కరణము చేతి మీదుగ పోయినట్లు, కంప్యూటరులో ఏ పనియైనను దీని చేతి మీదుగ జరుగవలసినదే.

ఒకే కార్యాలయములోని నాలుగు కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లను మరొకటి చదువుకొనుటకు, ఒకే ప్రింటరును అన్నియు వాడుకొనుటకు వాని నడుమ ఒక మాటల మర్యాద యుండవలెను. ముందెవరు పలుకరింపవలెను, ఏ వరుసలో చెప్పవలెను, చెప్పబోవునది ఎంత పొడవో ఎట్లు తెలుపవలెను అను ఈ నియమావళికి ప్రోటోకాల్ అని పేరు. ఫైళ్లను పంచుకొనుటకు విండోస్ వాడు ప్రోటోకాలు ఎస్.ఎం.బి. దాని మొదటి రూపము 1980 దశకము నాటిది. ఒక గదిలో కూర్చున్నవారు ఒకరినొకరు నమ్ముకొన్న కాలపు పద్ధతి. కంప్యూటరునకు వచ్చు సందేశములకు సంఖ్యలు గల ద్వారములుండును. ఎస్.ఎం.బి. సందేశములు 445వ ద్వారమున వచ్చును.

విండోస్ ఈ సందేశములను చదువు తీరులో ఒక లెక్క తప్పు అనేక సంవత్సరములుగ దాగియున్నది. అది యెట్టిదో సభ్యులు తేలికగ గ్రహింపగలరు. ఏలయన చిట్టాలలో అట్టి తప్పులను వారు చూచియే యుందురు. సందేశములోని యొక జాబితాను పాత పద్ధతినుండి క్రొత్త పద్ధతికి మార్చి వ్రాయవలసివచ్చినపుడు, విండోస్ ముందుగ దాని పొడవు లెక్కించి, తగినంత స్థలమును కేటాయించును. జాబితాలో చెల్లని భాగమేదైన నున్నచో దానిని విడిచి, పొడవు సంఖ్యను తగ్గించి దిద్దవలెను. ఈ దిద్దుబాటులోనే పొరపాటున్నది.

ఒక గుమాస్తా 10,000 అను సంఖ్యను 9,950గా దిద్దవలెననుకొందము. అతడు చివరి నాలుగు స్థానములనే చూచి, నాలుగు సున్నలు కొట్టివేసి 9950 అని వ్రాసెను. ముందున్న 1ని ముట్టలేదు. ఇప్పుడు చిట్టాలో నున్నది 19,950. తగ్గవలసిన లెక్క ఇంచుమించు రెట్టింపైనది. గాదె కట్టినవాడు సరియైన లెక్క చొప్పున 9,950 కుంచములకే కట్టెను. ధాన్యము పోసినవాడు చిట్టా చూచి 19,950 కుంచములు పోసెను. మిగిలిన 10,000 కుంచములు పొర్లి ప్రక్క గాదెలో పడినవి. విండోస్‌లో జరిగినది ఇదియే: 32 బిట్ల సంఖ్యలో చివరి 16 బిట్లు మాత్రమే దిద్దబడినవి.

ప్రక్క గాదెలో ధాన్యము పడిన పొరుగువానికి లాభమే గాని నష్టము లేదు. కంప్యూటరు సంగతి వేరు. అచట ప్రక్క స్థలమున యంత్రము తరువాత ఏమి చేయవలెనో తెలుపు వ్రాతలుండవచ్చును. పొర్లిపడిన అక్షరములు వానిపై బడి, వాని స్థానము నాక్రమించును. యంత్రము వానిని తన సొంత ఆజ్ఞలుగ నెంచి అమలు జరుపును. ఏ అక్షరములు పొర్లవలెనో ముందే కూర్చి పంపినవానికి ఆ కంప్యూటరుపై సర్వాధికారము లభించును. పాస్‌వర్డు అడుగబడదు. కార్యాలయములో ఎవరును ఏదియు నొక్కనక్కరలేదు. గదిలో మనుష్యుడే లేకున్నను, యంత్రము వెలుగుచు నెట్‌వర్క్‌కు తగిలియున్న చాలును.

ఒక యంత్రములో జొరబడిన వన్నాక్రై అదే కార్యాలయపు నెట్‌వర్క్‌లోని తక్కిన యంత్రముల తలుపులు తట్టును. ఇంటర్నెట్టు మీద తోచిన చిరునామాల తలుపులను సైతము తట్టును. మందలో ఒక పశువునకు సోకిన గాలికుంటు తక్కిన వానికి ప్రాకినట్లు ఇది ప్రాకినది.

నరసన్నపేటలో మేము పాల్గొన్న సభ్యుల శిక్షణ తరగతి యొకదానిలో ఒక వార్డు సభ్యురాలు లేచి, “తెలియని వాళ్ల ఉత్తరములు తెరవొద్దని అందరూ చెప్తున్నారు కదా బాబూ, అది చాలదా?” అని అడిగినది. మంచి ప్రశ్న. “అది అవసరమేనమ్మా, కాని ఈ జబ్బునకు అది చాలలేదు” అని మేము బదులు చెప్పితిమి. వన్నాక్రై ఈ-మెయిలు ద్వారా వ్యాపించినదని మొదట చాలమంది యనుకొనిరి. పరిశీలింపగా అట్టి ఆధారము దొరకలేదు. అది ప్రోటోకాలులోని లోపము గుండా తనంత తానే నడచివచ్చినది. కావున జాగ్రత్తపరుడైన ఉద్యోగి కూర్చున్న కంప్యూటరును, అజాగ్రత్తపరునిదానిని అది సమముగనే పట్టుకొన్నది. రెంటికి భేదము మరియొకచోట నున్నది.

ముందే వచ్చిన హెచ్చరిక

విండోస్‌ను తయారు చేయు మైక్రోసాఫ్టు సంస్థ ఈ లోపమునకు సవరణను 2017 మార్చి 14న విడుదల చేసినది. వన్నాక్రై వచ్చినది మే 12న. నడుమ 59 దినముల గడువున్నది. సవరణకు ధర లేదు. మద్దతు గల విండోస్ కలిగి, ఈ సవరణను స్వీకరించిన యంత్రమున వన్నాక్రై ఈ త్రోవన ప్రవేశింపలేకపోయినది.

గడువులో మరియొక ఘట్టము కలదు. ఈ లోపమును ముందుగ కనిపెట్టి ‘ఎటర్నల్‌బ్లూ’ అను పేర ఆయుధముగ మలచి దాచుకొన్నది అమెరికా జాతీయ భద్రతా సంస్థ యని లోకము భావించుచున్నది. మైక్రోసాఫ్టు అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ మే 14న ఆ మాట బాహాటముగ వ్రాసెను. ‘షాడో బ్రోకర్స్’ అని తమకు తామే పేరు పెట్టుకొన్న కొందరు ఆ ఆయుధమును ఏప్రిల్ 14న ప్రపంచమంతటికి బయటపెట్టిరి. ఆ దినమునుండి తలుపు ఎక్కడ ఊడియున్నదో దొంగలందరికి తెలిసినట్లే. వన్నాక్రైని ఉత్తర కొరియా ప్రయోగించినదని అమెరికా ప్రభుత్వము 2017 డిసెంబరులో ఆరోపించినది. మహారాజ్యముల తగవులు తరియోడు పంచాయతీ గుమ్మము దాక వచ్చినవి!

మన జిల్లావారికి తుఫాను హెచ్చరికల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస చేరువ తీరము దాటినది. హెచ్చరిక విన్నవారు ప్రాణములు దక్కించుకొనిరి గాని, కొబ్బరి, జీడి తోటలను ఎత్తుకొని పోలేకపోయిరి. కంప్యూటరు సవరణ అంతకంటె మేలైన హెచ్చరిక. దానిని పాటించినవానికి తోట సైతము దక్కును.

అట్లయిన 59 దినములలో ఆ పని ఎందుకు జరుగలేదు? పాత యంత్రములే కారణమని పలువురు తలంచిరి. 2014 ఏప్రిల్‌తో మద్దతు నిలిచిపోయిన విండోస్ ఎక్స్.పి. గూర్చి పత్రికలలో మిక్కిలిగ వ్రాసిరి. తరువాత కాస్పర్‌స్కీ సంస్థ లెక్క చూడగా, దెబ్బతిన్నవానిలో నూటికి 98 విండోస్ 7 యంత్రములని తేలినది. 2017లో విండోస్ 7కు మద్దతు ఇంకను కలదు. అనగా మందు గడప వద్దకు వచ్చియు లోనికి తీసికొనబడలేదు.

కారణములు మనకు తెలియనివి కావు. సవరణ దిగుమతికి ఇంటర్నెట్టు వ్యయమగును. గ్రామములలో లైను మందముగ నుండును. సవరణ పూర్తియగుటకు యంత్రమును ఆపి మరల ప్రారంభింపవలెను. ధ్రువపత్రములకై జనము వరుస కట్టియుండగా ‘తరువాత చూతము’ అను మీట నొక్కుటయే సుళువు. సాయంత్రము దీపముతో పాటు యంత్రమును ఆర్పివేయుదురు; రాత్రివేళ జరుగవలసిన పని జరుగదు. కొన్ని చోట్ల లైసెన్సు లేని నకిలీ విండోస్‌ను వేయించుకొని, సవరణలు వచ్చిన గుట్టు బయటపడునను భయమున వానిని పూర్తిగ ఆపివేయుట కలదు. ఇదంతయు ఆపరేటరు తప్పని మేము తలంపము. సవరణ వేయుట ఎవరి విధియో వ్రాతమూలకముగ ఎవరును నిర్ణయింపలేదు. వీధి దీపమునకు, బోరింగునకు ఒక బాధ్యుడున్నాడు. కంప్యూటరు సవరణకు లేడు. ఈ వెలితిని పూరించుట పంచాయతీ పాలకవర్గపు చేతిలోని పని.

సభ్యులు అడుగవలసినది

పంచాయతీ సమావేశమున కార్యదర్శిని, కంప్యూటరు పని చూచు సహాయకుని సభ్యులు నిస్సంకోచముగ ప్రశ్నింపవచ్చును. మన యంత్రములలో నున్న విండోస్ ఏ రకము? దానికి ఇంకను సవరణలు వచ్చుచున్నవా? విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసినది. పొడిగింపు పథకమున చేరని విండోస్ 10 యంత్రమునకు క్రొత్త సవరణలు రావు. అట్టిదాని మార్పునకు మండలాధికారులకు వ్రాయవలెను. చివరి సవరణ ఏ తేదీన వేయబడినది? ఈ తేదీని తెరపై చూపించుమని యడుగుట ఉత్తమము. నెలకు రెండవ మంగళవారము మైక్రోసాఫ్టు సవరణలు విడుదల చేయుట పరిపాటి. ఆ వారములో జనము రద్దీ లేని ఒక మధ్యాహ్నమును ఈ పనికి కేటాయించి, వేసిన తేదీని ఒక పుస్తకములో వ్రాయించిన, పై నెల సమావేశమున అడుగుట సులభము.

ఎస్.ఎం.బి. మొదటి రూపము మన యంత్రములలో ఇంకను మేల్కొనియున్నదా యని కూడ విచారింపవలెను. 2017 చివరనుండి వచ్చిన విండోస్ 10 రూపములలో మైక్రోసాఫ్టు దానిని సాధారణముగ అమర్చుటయే మానినది. ఐనను పాత ప్రింటరో స్కానరో పనిచేయలేదని బాగుచేయ వచ్చినవారు దానిని మరల మేలుకొలిపి పోవుట కలదు. ఒక పాత ప్రింటరు కొరకు కార్యాలయపు తలుపు తీసియుంచుట మాకు గిట్టుబాటుగ తోచదు. ఇంటర్నెట్టు వైపునుండి 445వ ద్వారము మూయబడియున్నదో లేదో సాంకేతిక సిబ్బంది నిమిషములలో చూచి చెప్పగలరు.

నకళ్ల సంగతి అన్నిటికంటె ముఖ్యము. వన్నాక్రై కంప్యూటరులోని ఫైళ్లతో తృప్తిపడలేదు. యంత్రమునకు తగిలించియున్న డిస్కులను, నెట్‌వర్క్‌లో పంచుకొన్న ఫైళ్లను కూడ తాళము వేసినది. విండోస్ తనకై దాచుకొను నకళ్లను తుడిచివేసినది. కావున నకలు తీసిన డిస్కును యంత్రమునకే తగిలించి యుంచుట, విత్తనపు ధాన్యమును తిండిగింజల గాదెలోనే పోయుట వంటిది. నకలు తీసిన వెంటనే డిస్కును విడదీసి, బీరువాలో నుంచవలెను. చెక్క బీరువాకు ఇంకను పని యున్నది! రెండవ డిస్కు వేరొక భవనమున నున్న మరింత మేలు. రెండు మూడు నెలల కొకసారి ఆ నకలునుండి ఒక ఇంటి పన్ను లెక్కను తెరచి చూపించుమని సభ్యులు కోరవలెను. తెరువబడని నకలు నకలు కాదు. చెల్లింపులకు వాడు సర్పంచి, కార్యదర్శుల డిజిటల్ సంతకపు పరికరములను పని ముగియగనే తీసి, ఎవరిది వారి వద్ద నుంచుకొనుటయు అవసరమే.

దెబ్బ తగిలిన యెడల

వన్నాక్రై మొదటి విజృంభణము ఒక యువకుని చొరవచే ఆగినది. అది ప్రతి యంత్రమునందు పని ప్రారంభించుటకు ముందు, ఎవరును నమోదు చేయని ఒక వింత వెబ్ చిరునామాను పలుకరించెడిది. బదులు వచ్చిన ఊరకుండెడిది. ఇంగ్లండులోని మార్కస్ హచిన్స్ అను 22 ఏండ్ల యువకుడు మే 12 మధ్యాహ్నమే ఆ చిరునామాను సుమారు 10 డాలర్లకు నమోదు చేయించెను. అంతటితో కొత్త యంత్రములకు సోకుట చాల వరకు తగ్గినది. ఇది అదృష్టము, మరుసటి దాడికి ఇట్టి చిరునామా యుండునని నమ్మరాదు. అదే లోపమును వాడుకొని, 2017 జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యాకు అట్టి కళ్లెము లేదు. అది ముంబయి చేరువ జవహర్‌లాల్ నెహ్రూ రేవులోని యొక టెర్మినలు పనిని కూడ స్తంభింపజేసినది.

సొమ్ము చెల్లించి బయటపడుదమను ఆలోచన కొందరికి కలుగును. వన్నాక్రై విషయమున అది వ్యర్థము. చెల్లింపులన్నియు మూడే బిట్‌కాయిన్ చిరునామాలకు చేరినవి. ఎవరు చెల్లించిరో పోల్చుకొను ఏర్పాటు దొంగలకే సరిగ లేదు. ప్రపంచమునంతను వణికించి వారు గడించినది సుమారు 1,40,000 డాలర్లు మాత్రమే. ప్రజల పన్నుల సొమ్మును ఇట్టివారికి పంపుటకు ఏ పంచాయతీకిని అధికారము లేదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఎఱ్ఱని పత్రము కనబడినచో చేయవలసిన మొదటి పని, ఆ యంత్రమునకు గల నెట్‌వర్క్ తీగను ఊడలాగి, వై-ఫైని ఆపుట; ప్రక్క యంత్రములకును అట్లే చేయవలెను. పిదప మండల పరిషత్ అభివృద్ధి అధికారికిని, పోలీసులకును తెలుపవలెను. జాతీయ సైబరు నేర ఫిర్యాదు ఫోను సంఖ్య 1930. దేశమున ఇట్టి ఘటనలను చూచు సంస్థ సెర్ట్-ఇన్. 2022 ఏప్రిల్‌లో జారీయైన దాని ఆదేశము ప్రకారము ప్రభుత్వ సంస్థలు ఘటన తెలిసిన 6 గంటలలోపల దానికి తెలియజేయవలెను. సమాచారము ఎవరి ద్వారా పోవలెనో మండల కార్యాలయమును అడిగి ముందే వ్రాసి గోడకు అంటించియుంచుట మంచిది.

తొందరపడి యంత్రమును ఆపి మరల ప్రారంభింపరాదు. బాగుచేయువానిని పిలిచి అంతయు తుడిపింపరాదు. 2017 మే మూడవ వారమున ఫ్రాన్సు దేశపు పరిశోధకులు వన్నాక్రై తాళపుచెవి యొక్క ఆనవాళ్లు కొన్ని యంత్రముల తాత్కాలిక జ్ఞాపకములో మిగిలియుండుట కనుగొని, దానిని వెలికితీయు ఉపకరణములను ఉచితముగ పంచిపెట్టిరి. యంత్రమును ఒక్కసారియు ఆపనివారిలో కొందరికి తమ ఫైళ్లు తిరిగి దక్కినవి. ఆపి ప్రారంభించినవారికి ఆ అవకాశము లేకపోయినది.